నాన్న చూడని ఎద్దుల పరుగు

మా అమ్మాయి మేఘన స్పెయిన్ వెళ్తోంది. స్కూల్లో స్పానిష్ చదివే పిల్లలందరినీ వాళ్ళ టీచర్ పది రోజులు తిప్పి తీసుకొస్తుందట. "అమ్మా, నా పాస్‌పోర్ట్ ఎక్కడ పెట్టావ్?" అని అది మేడ మీద నుంచి కేకేస్తే, గరాజ్‌లో అటక మీదున్న పాత ఫైళ్ళ డబ్బా దింపాను. పాస్‌పోర్ట్ అందులో లేదు. అడుగున, కారు ఇన్సూరెన్స్ కాగితాల కింద, ఒక పసుపు కవరు ఉంది. దాని మీద మా ఆయన మోహన్ చేతిరాతతో 'పాంప్లోనా' అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద రెండు గీతలు. పదేళ్ళుగా నేను ముట్టుకోని కవరు అది. విప్పితే హోటల్ ప్రింటవుట్లు, ఏ వీధిలో నిలబడితే ఎద్దులు బాగా కనిపిస్తాయో గీసిన మ్యాపు, వాటి వెనకాల మా నాన్న ఫోటోలు రెండు. తెల్ల చొక్కా, పై గుండీ కూడా పెట్టుకుని, కెమెరా వైపు తప్పు చేసినవాడిలా చూస్తున్నాడు. ఫోటోలకి క్లిప్పు పెట్టి ఒక వీసా దరఖాస్తు ఉంది. అన్నీ పెద్ద అక్షరాల్లో, ఒక్క కొట్టివేత లేకుండా, నాన్నే నింపింది. చూడగానే నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. కోపం వచ్చింది. పదేళ్ళ నాటి కోపం అంత తాజాగా ఎలా ఉందో నాకే తెలియదు.

అప్పటికి మేం అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్ళో ఇల్లు కొనుక్కుని ఏడాది కాలేదు. అమ్మ పోయిన రెండేళ్ళకి, జనవరి ఆఖర్లో, నాన్న మా దగ్గరికి ఆర్నెల్లుండడానికి వచ్చాడు. వచ్చాడనడం కంటే, నేను పోరి రప్పించాను అనడం నిజం. "కూతురింట్లో అన్నాళ్ళేంటమ్మా, ఎవరన్నా వింటే నవ్వుతారు" అని ఫోన్లో నెలల తరబడి నసిగాడు. వచ్చాక కూడా ఆ నసుగుడు పోలేదు. సోఫాలో వెనక్కి జారి కూర్చున్నది నేనెప్పుడూ చూడలేదు, అంచు మీదే కూర్చునేవాడు, ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు. తిన్న కంచం తనే కడిగి బోర్లించేవాడు. మోహన్ ఆఫీసు నుంచి వచ్చిన చప్పుడు వినిపిస్తే టీవీ కట్టేసి రిమోట్ టేబుల్ మీద తిన్నగా పెట్టేవాడు. అల్లుణ్ణి 'మీరు' అనేవాడు, 'అల్లుడుగారూ' అనేవాడు, ఆయన కాఫీ అందిస్తే లేచి నిలబడి అందుకునేవాడు. నాలుగింటికే మెలకువ వచ్చేది పాపం, ఆ టైములో ఆ ఊళ్ళో చేయడానికి ఏం పనుంటుంది? పంచె ఎగగట్టి, భుజాన ఎర్ర తువ్వాలు వేసుకుని లాన్ చుట్టూ తిరిగేవాడు. స్ప్రింక్లర్లు వాటంతటవే నీళ్ళు చల్లుతుంటే పక్కన నిలబడి చూసేవాడు. తన చేతిలో పనిని ఎవరో లాక్కున్నట్టు ఉండేది ఆ చూపు.

ఒక్క శనివారాలు మాత్రం వంటిల్లు ఆయనది. ఇండియన్ స్టోర్‌లో ఉలవలు కొనిపించి, పొద్దున్నే కుక్కర్ వద్దని గిన్నెలోనే గంటలకొద్దీ ఉడికించేవాడు. ఆ వాసనకి మోహన్ కిటికీలు తెరిచేవాడు. ఒకసారి స్మోక్ అలారం మోగి, నాన్న బెదిరిపోయి గిన్నె దించి బయటికి పట్టుకెళ్ళి గడ్డిలో పెట్టాడు. నాకు మాత్రం ఆ వాసన వస్తే చాలు, ఎనిమిదేళ్ళ పిల్లనైపోయేదాన్ని. మా ఊళ్ళో మా ఇంట్లో మనుషులకంటే ముందు గిత్తలకి ఉలవలు ఉడికేవి. ఒంగోలు జాతి జత, ఆవగింజంత మచ్చ కూడా లేని తెలుపు. నాన్న వాటిని బండలాగుడు పందేలకి కట్టేవాడు. పందెం దగ్గరపడితే ఆ నెల్లాళ్ళు ఆయన మంచం పశువుల కొష్టంలోనే. ఉడికిన ఉలవలు చేత్తో చిదిమి, చల్లారాయో లేదో తన చెంపకి ఆనించి చూసి, అప్పుడు పెట్టేవాడు. మాకెప్పుడూ అలా చల్లార్చి పెట్టింది లేదు, అమ్మ ఆ మాట అని దెప్పేది. నేను ఇంటర్లో ఉండగా ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాయి, గిత్తల్ని చూసుకునే మనిషి దొరకలేదు, జతని అమ్మేశాడు. కొన్నవాళ్ళు తోలుకుపోతుంటే ఊరి చివర దాకా వెనకే నడిచి వెళ్ళి తిరిగొచ్చాడు. వాటి మెడల్లోని మువ్వల పట్టెళ్ళు రెండూ గోడకి తగిలించాడు. ఆ రోజు నుంచి కొష్టం వైపు తలుపు తీయలేదు.

సంగతి ఒక శనివారం సాయంత్రం మొదలైంది. మోహన్ ఫ్రెండ్ సతీష్ కుటుంబంతో భోజనానికి వచ్చాడు. సతీష్‌ది కరీంనగర్ వైపు, మోహన్‌తో ఒకే ప్రాజెక్టు, వారానికి నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండేవాడు. టీవీలో స్పెయిన్‌లోని పాంప్లోనా ఊళ్ళో ఏటా జూలైలో జరిగే ఎద్దుల పరుగు పాత వీడియో చూపిస్తున్నారు. ఇరుకు వీధి, రాళ్ళు పరిచిన నేల, తెల్ల బట్టలు, మెడలో ఎర్ర గుడ్డలు, వెనకాల దూసుకొస్తున్న నల్లని ఎద్దులు. మగవాళ్ళిద్దరూ "ఓ మై గాడ్, చూడు భయ్యా, కుమ్మేస్తది" అని ఎగిరి కూర్చుంటున్నారు. నాన్న ఎప్పుడొచ్చాడో సోఫా వెనక నిలబడ్డాడు. ఎవరూ అడగకుండానే మాట్లాడాడు, అదే మాకందరికీ వింత.

"వాటికి కోపం లేదండీ. చెవులు చూడండి, ఎనక్కి పడుండాయి. బెదిరినయ్. దారి ఎతుక్కుంటున్నయ్ అంతే."

"అట్లనా అంకుల్?" అన్నాడు సతీష్.

"ఆ మలుపు కాడ జారతయ్, చూస్తా ఉండండి. రాళ్ళ మీద నాడా లేకుండా తోలితే జారక ఏం చేస్తయ్?"

ఆయన అనడమే తడవు, మలుపు దగ్గర రెండు ఎద్దులు పక్కగోడకి జారి పడ్డాయి. అందరం ఒక్కసారి ఆయన వైపు తిరిగాం. నాన్న సిగ్గుపడ్డాడు గానీ ఆపలేదు. మెడలో గంటలున్న కొన్ని ఎద్దుల్ని వేలితో చూపించాడు. "అయ్యి మచ్చికైనయ్. దారి తెలిసినయ్. పొగరుబోతుయ్యన్నీ ఆ గంట చప్పుడు ఎనకాలే పోతుండయ్. మనమూ కొత్త కోడెను పాత ఎద్దు పక్కనే గదా కట్టేది." అంతవరకూ మేమెవరం ఆ గంటలు చూడనే లేదు. పరుగయ్యాక వాటినేం చేస్తారని అడిగాడు. సాయంత్రం కత్తులతో ఆట ఆడి చంపేస్తారని మోహన్ చెప్పాడు. నాన్న వంటింట్లోకి వెళ్ళి కంచాలు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. భోజనాల దగ్గర, పెరుగన్నంలోకి వచ్చాక, తలెత్తకుండా అన్నాడు: "అల్లుడుగారూ, మీరు గనక ఎప్పుడన్నా ఆ ఊరు పోయేటట్టయితే నన్నూ తీసకపోండి. పొద్దున పరిగెత్తేటప్పుడు చూస్తాను. సాయంత్రం నేను రూములో పడుకుంటా."

ఆర్నెల్లలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అల్లుడి ఇంట్లో, అల్లుణ్ణి. మా వైపు మామగారు అల్లుణ్ణి ఏదైనా అడగడమంటే ఎంత ముందూవెనకా ఆడతారో తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. మోహన్ అప్పటి ఊపులో "తప్పకుండా మామయ్యగారూ, వై నాట్, వచ్చే జూలైకే ప్లాన్ చేద్దాం" అన్నాడు. నాన్న ఇండియా వెళ్ళే తేదీ ఎలాగూ జూలై ఆఖర్నే.

ఇక మొదలైంది ప్లానింగు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వీసాల మాట ఎత్తకుండానే స్ప్రెడ్‌షీట్ తయారైంది. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలి, ఏ హోటల్ బాల్కనీ, ఎన్ని చొక్కాలు. బుధవారం బుధవారం కాన్ఫరెన్స్ కాల్, ఒకే వీధిలో రెండు ఇళ్ళలో కూర్చుని. తెల్ల ప్యాంట్లు, ఎర్ర రుమాళ్ళ కోసం మాల్స్ చుట్టూ తిరిగారు. నాన్నకి ఏమీ కొనక్కర్లేకపోయింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఎర్ర తువ్వాలు. "అంకుల్ ఆల్రెడీ రెడీ" అని సతీష్ ఫోటో కూడా తీశాడు. నాన్న అద్దం ముందు ఎర్ర తువ్వాలు భుజం మీద నుంచి తీసి మెడ చుట్టూ కట్టుకుని చూసుకోవడం నేను తలుపు సందులోంచి చూశాను. మేఘనకప్పుడు ఆరేళ్ళు, తాతతో హాల్లో ఎద్దులాట ఆడేది. అది రెండు వేళ్ళు కొమ్ములు పెట్టుకుని వస్తే ఆయన డైనింగ్ టేబుల్ చుట్టూ పరిగెత్తేవాడు. అమ్మ పోయాక ఆయన అంత గట్టిగా నవ్వడం అప్పుడే విన్నాను.

స్పెయిన్ వీసా దరఖాస్తు నేనే ప్రింట్ చేసిచ్చాను. ట్రావెల్ ఏజెంట్ ద్వారా పంపిద్దామని అనుకున్నాం. నాన్న దాన్ని మూడు రోజులు నింపాడు. ముందు పాత నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకుని, నాకు చూపించి, అప్పుడు పెన్నుతో దిద్దాడు. వృత్తి అన్న చోట 'రైతు' అని ఇంగ్లీషులో ఏం రాయాలో అడిగాడు. ప్రయాణ కారణం దగ్గర 'టు సీ బుల్స్' అని రాశాడు. టూరిజం అని రాయాలి నాన్నా అంటే, "ఉన్నమాట రాస్తే తప్పేంటమ్మా" అన్నాడు. ఫోటోలు తీయించుకొచ్చి, మోహన్ ట్రిప్ కాగితాలున్న పసుపు కవర్లోనే అన్నీ పెట్టి నా చేతికిచ్చాడు. నేను దాన్ని మోహన్ ఫైల్లో పెట్టాను, విప్పి చూడనైనా లేదు.

ఏప్రిల్‌కల్లా గాలి మారింది. మొదట సతీష్ వాళ్ళావిడ రానంది, ఆ పైన ఇది మగవాళ్ళ ట్రిప్పయితే బాగుంటుందని ఎవరికి తట్టిందో తట్టింది. ఒకరోజు నేను వంటింట్లో ఉండగా వరండాలో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"అంకుల్‌ని తీస్కపోతే మనమేం ఎంజాయ్ చేస్తం భయ్యా? పెండ్లికి పోతూ పిల్లిని చంకల పెట్టుకపోయినట్టు," అన్నాడు సతీష్.

మోహన్ నవ్వాడు. ఆ నవ్వుని నేను ఇప్పటికీ క్షమించలేదు. రాత్రి పడక మీద నాతో అన్నాడు: "చూడు పద్మా, ఆయన్ని తీసుకెళ్తే నేను ట్రిప్‌లో ఉంటానా, డ్యూటీలో ఉంటానా? పైగా ఆయన విజిటర్ వీసా. యూరప్ వెళ్ళొస్తే మళ్ళీ ఇక్కడ రానిస్తారో లేదో. ఎయిర్‌పోర్ట్‌లో ఆపేస్తే? ఆయన పేపర్స్‌తో రిస్క్ ఎందుకు? వీసా రిజెక్ట్ అయిందని చెప్పేయ్. హర్ట్ అవ్వరు."

ఇచ్చేవారో ఇవ్వరో, రానిచ్చేవారో రానివ్వరో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు. దాని కోసం మోహన్‌తో పోట్లాడాల్సింది. పోట్లాడలేదు. నాన్న మూడు నెలలుగా మా ఇంట్లో ఉన్నాడు, ఇంకా మూణ్ణెల్లు ఉంటాడు, మోహన్ మూతి ముడుచుకుంటే ఆ మూణ్ణెల్లూ ఇంట్లో నడవడం ఎలా అని లెక్కలేసుకున్నాను. అల్లుడు ముఖం మాడ్చుకుంటే నాన్న రేపే బయల్దేరతానంటాడని భయపడ్డాను. ఇవన్నీ సాకులు. పచ్చిగా చెప్పాలంటే, నాకు సుఖం కావాలి. మూడు వారాలాగి, లాన్‌లో ఉన్న నాన్న దగ్గరికెళ్ళి, "వీసా రిజెక్ట్ అయింది నాన్నా" అన్నాను.

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "పోనీలే తల్లీ. నువ్వేం చేస్తావు. ఎద్దులు యాడైనా ఎద్దులే." ఆ శనివారం ఉలవలు ఉడికించలేదు. అడిగితే, "అల్లుడుగారికి పొగ పడట్లేదమ్మా" అన్నాడు.

గురివింద గింజ తన నలుపెరగదంటారు, అది అక్షరాలా మా ఇంట్లోనే చూశాను. ప్రయాణం మూడు వారాలుందనగా ట్రావెల్ ఏజెంట్ ఫోన్ చేసి మోహన్‌ని అడిగింది, తిరిగి అమెరికా రావడానికి వీసా ఉందా అని. హెచ్‌వన్ ఉద్యోగ వీసా ఎక్స్‌టెన్షన్ అప్రూవల్ కాగితం ఉంది, ఇంకేం కావాలి అన్నాడు ఈయన. పాస్‌పోర్ట్‌లో స్టాంపు ఏ తేదీ వరకు ఉందో చూడమందామె. చూస్తే గడువు దాటి ఏడాదిన్నర. ఉద్యోగం మారి, ఎక్స్‌టెన్షన్ వచ్చి, ఇక్కడే ఉన్నంతకాలం ఆ కాగితం సరిపోతుంది, దేశం దాటితే మాత్రం కొత్త స్టాంపు వేయించుకుంటే తప్ప వెనక్కి రాలేడు. ఇన్నేళ్ళలో దేశం దాటలేదు కాబట్టి ఆ పేజీ తిప్పి చూడలేదు. సతీష్‌ది కూడా అదే కథ. స్పెయిన్‌లో స్టాంపింగ్ దొరక్కపోతే జాబ్ ఏం కావాలి? ఇద్దరూ హాల్లో తలలు పట్టుకుని కూర్చున్నారు. స్ప్రెడ్‌షీట్‌లో చొక్కాల రంగులకి కూడా ఒక కాలమ్ ఉంది, దీనికి లేదు.

నాన్న వాళ్ళ మాటలు వింటూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తన గదిలోకి వెళ్ళి, సంచిలోంచి తన పాస్‌పోర్ట్ తెచ్చి, పేజీ తెరిచి మోహన్ ముందు పెట్టాడు. "స్టాంపంటే ఇట్టాంటిదేనా అల్లుడుగారూ?" పదేళ్ళ వీసా, ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు. ఆ ఇంట్లో దేశం దాటి తిరిగి రావడానికి వీసా ఉన్నది ఆయనొక్కడికే. భార్యగా నాకున్న హెచ్‌ఫోర్ స్టాంపు కూడా అమ్మ కర్మలకి వెళ్ళొచ్చిన కొన్నాళ్ళకే అయిపోయింది. మోహన్ ఆ పేజీ చూసి, "అవును మామయ్యగారూ, అదే" అని గొణిగాడు. నాన్న నా వైపు చూసి, పాస్‌పోర్ట్ మూసి, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "వచ్చే ఏడు పోవచ్చులే అల్లుడుగారూ, ఎద్దులు యాడికి పోతయ్" అని ఆయన్నే ఓదార్చాడు. ఆ జూలైలో మగవాళ్ళిద్దరూ గాల్వెస్టన్ బీచ్‌కి పోయి ఆ తెల్ల ప్యాంట్లే వేసుకుని ఫోటోలు దిగారు. నాన్న ఇంట్లో మేఘనకి తోడున్నాడు.

మళ్ళీ ఆ ట్రిప్ మాట ఎవరూ ఎత్తలేదు. నాన్న కూడా మళ్ళీ అమెరికా రాలేదు. తర్వాత ఒకసారి నేను ఊరు వెళ్ళినప్పుడు అరుగు మీద ఎవరో ఎగతాళికి అడిగారు, స్పెయిన్ ఎద్దుల్ని చూసొస్తానన్నావంట, చూడలేదేమని. నాన్న నేను వింటుండగానే చెప్పాడు: "మా అమ్మాయి ఎంతో తిరిగిందిరా. వాళ్ళే ఇయ్యలేదు." అప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. నమ్మాడు అనుకున్నాను. కిందటేడు ఆయన పోయినప్పుడు, పక్కన కూర్చుని ఏడుస్తూ కూడా, ఆ ఒక్క విషయంలో నిశ్చింతగానే ఉన్నాను.

మేఘన పాస్‌పోర్ట్ తన బ్యాగులోనే దొరికిందంటూ కిందికి దిగి వచ్చి నా పక్కన గరాజ్ నేల మీద కూర్చుంది. దాని ట్రిప్‌కి ఏ ఫారమూ లేదు, ఫోటోలు లేవు, ప్రయాణ కారణం ఎవరూ అడగలేదు. అమెరికాలో పుట్టినందుకు వచ్చిన నీలం పాస్‌పోర్ట్ ఉంటే చాలు. ఫోన్లో అరగంటలో అంతా అయిపోయింది. దాని మీద నాకు ఏ కోపమూ లేదు, అది అలా పుట్టింది. "తాత! సో క్యూట్!" అని ఫోటో చేతిలోకి తీసుకుంది. "వై డిడింట్ హీ గో?" అంది. వీసా ఇవ్వలేదని చెప్పాను. పదేళ్ళు చెప్పి చెప్పి నోటికొచ్చేసిన మాట అది. అది కవరు తిరగేసి దులిపితే చిన్న కాగితం ముక్క రాలింది. తెలుగులో ఉంది, దానికి చదవడం రాదు, నాకిచ్చింది. నాన్న చేతిరాత. 'పాస్‌పోర్టు నా సంచిలోనే ఉంది. కావలసినప్పుడు అడుగు తల్లీ.'

పైకి చదివాను. ఏం రాశాడని అడిగితే అర్థం చెప్పాను. మేఘన కనుబొమలు ముడిచింది. "వెయిట్. వీసాకి పాస్‌పోర్ట్ పంపాలి కదా. అది తాత దగ్గరే ఉంటే వాళ్ళు వీసా ఎలా రిజెక్ట్ చేస్తారు?"

పదహారేళ్ళ పిల్లకి ఒక్క క్షణం పట్టలేదు. జీవితమంతా పట్టాదారు పాసుపుస్తకాలు, అడంగల్ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషికి ఎంతసేపు పట్టి ఉంటుంది? లాన్‌లో నా వైపు చూసిన ఆ ఒక్క క్షణంలోనే తెలిసింది ఆయనకి. నేను పాస్‌పోర్ట్ అడగనే లేదు. ఆ రోజు హాల్లో దాన్ని సంచిలోంచి తెచ్చి అందరి ముందూ తెరిచి పెట్టాడు, అప్పటికీ మాలో ఒక్కరికీ బుర్ర వెలగలేదు. నా అబద్ధాన్ని తనదిగా మోసుకుని, అరుగు మీద నా పరువు కాపాడి, అలాగే వెళ్ళిపోయాడు. మోహన్ మీద, సతీష్ మీద ఇన్నేళ్ళు దాచుకున్న కోపం నాకు చాలా ఉపయోగపడింది, నన్ను నేను చూసుకోకుండా ఉండడానికి. ఇప్పుడు నాన్న మీద కూడా వస్తోంది కోపం. ఒక్క మాట తిట్టి ఉండొచ్చుగా. "నా పాస్‌పోర్టు నువ్వెప్పుడు తీసుకున్నావే?" అని ఒక్కసారి అడిగి ఉండొచ్చుగా.

"రిజెక్ట్ చేసింది వాళ్ళు కాదు," అన్నాను.

"మరి ఎవరు?"

"నేను."

మేఘన ఫోటోని మళ్ళీ క్లిప్పులో పెట్టి, దరఖాస్తు మీద దుమ్ము అరచేత్తో తుడిచింది. ఎందుకని అడుగుతుందేమోనని చూశాను. అది కూడా నాన్న లాగే ఏమీ అడగలేదు.